పైది 58... కిందది 95

‘‘దాని గుండె నాకు తెలుసు. దానికేం కాలేదు’’ అన్నాడు నాన్న.

మనిషి గురించి కాదండీ... మా వాకిట్లో నీళ్ల డ్రమ్ముకి బిగించి ఉన్న పాత బోటు మోటారు గురించి. జూన్ నెల, ఉక్కపోత. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా... 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఉప్పాడలో ఏ వీధికెళ్లినా ఒకటే దృశ్యం. వలలు అల్లేవాళ్లు, ఫైబర్ బోట్లకు పగుళ్లు పూడ్చేవాళ్లు, ఇంజన్లు విప్పి గోనెసంచి మీద పరిచేవాళ్లు. ఈసారి ఆ గోనెసంచి మా వాకిట్లో పడింది.

కారణం మా తమ్ముడు. నిషేధం ముగిసిన రాత్రి నుంచి బోటు వాడిదే అని నాన్న ప్రకటించాడు. ఆయనకు కుడిచేయి సరిగ్గా లేవడం లేదు. బోటుతోపాటు మోటారూ ఇస్తాడు. ‘‘ఇంకో పదేళ్లు పనిచేస్తుంది’’ అన్నాడు ధీమాగా. తమ్ముడు ఆయన ముందు సరేనన్నాడు. రాత్రి నాకు ఫోన్ చేసి మాత్రం, ‘‘అక్కా, నిషేధం ముందు చివరి వేటలో పన్నెండుసార్లు తాడు లాగితే గానీ అందుకోలేదు. నాన్నతో చెబితే నాకు లాగడం రాదంటున్నాడు. నువ్వోసారి రా’’ అన్నాడు. వాడికి పెళ్లయి ఏడాది. మరదలికి ఏడో నెల.

అలా రెండ్రోజులు సెలవు పెట్టి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, పనిలో పనిగా ఓ కథనానికి సరుకు దొరుకుతుందనే ఆశ కూడా ఉంది. ఆఫీసులో అందరూ నన్ను సముద్రం పిల్ల అంటారు. కానీ నాకు మోటారు గురించి తెలిసింది సున్నా. మా ఇళ్లల్లో ఆడవాళ్లం చేపలు అమ్ముతాం, ఎండబెడతాం, డబ్బు లెక్కలన్నీ మేమే చూస్తాం. బోటు మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వరు.

ఆ మోటారుతో నాకు వేరే అనుబంధం ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిందా... ఆ తర్వాత మా తీరంలో ఫైబర్ బోట్లు పెరిగాయి. అంతకుముందు నాన్నది కర్రతెప్ప. తెరచాప, తెడ్డు, రెక్కల కష్టం... అంతే. 2005లో ఓ పాత జపాన్ మోటారు, సెకండ్‌హ్యాండ్‌ది, అప్పుచేసి కొన్నాడు. పెట్రోలుతో స్టార్ట్‌చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చే రకం. కొన్నరోజు దానికి పసుపు రాసి బొట్టుపెట్టింది అమ్మ. ఆ రోజుల్లో ఒక్క లాగుకి అందుకునేది. నా డిగ్రీ, ఆ తర్వాత జర్నలిజం డిప్లొమా ఫీజు, నా పెళ్లి... అన్నీ అది లాక్కొచ్చినవే. అప్పట్లో మేమున్న ఇల్లు ఇప్పుడు లేదు. ఉప్పాడ సంగతి మీకు తెలుసుగా, సముద్రం వీధులకు వీధులే మింగేసింది. మా పాత వాకిలి ఉన్నచోట ఇప్పుడు కెరటాలు విరుగుతున్నాయి. ఇల్లు పోయింది గానీ మోటారు మిగిలింది. నాన్న దాన్ని వెనకేసుకు రావడంలో ఆశ్చర్యం ఏముంది!

* * *

కాకినాడ నుంచి మేస్త్రి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నాన్నని బాబాయ్ అంటాడు, నన్ను చెల్లెమ్మా అన్నాడు. మోటారుని డ్రమ్ములో ఓ పది నిమిషాలు నడపమన్నాడు. చల్లటి ఇంజన్ని పరీక్షిస్తే లెక్క తేడా వస్తుందట. వేడెక్కితే లోపలి భాగాలు వ్యాకోచించి అసలు పనిచేసేటప్పుడు ఎలా ఉంటాయో అలా ఉంటాయి.

తమ్ముడు లాగాడు. ఒకటి, రెండు... తొమ్మిదోసారికి అందుకుంది. వెనకవైపు సన్నటి రంధ్రంలోంచి నీళ్లు ధారగా పడ్డాయి. చిన్నపిల్లాడు పాస్ పోసినట్టు. మేస్త్రి ముందు చూసింది దాన్నే. బోటు మోటారుకి రేడియేటర్ ఉండదు. కింద ఉండే చిన్న పంపు సముద్రపు నీటినే పైకి లాగి ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. ఆ ధార పడుతున్నంతసేపే ఇంజన్ చల్లగా ఉన్నట్టు. ఆగిందా... కొద్ది నిమిషాల్లోనే లోపల ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి కొరుక్కోవడం మొదలెడతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

‘‘అసలు కంప్రెషన్ అంటే ఏంటి?’’ అని అడిగా మేస్త్రిని. గూట్లోంచి సైకిలు పంపు తెమ్మన్నాడు. ‘‘మూతికి బొటనవేలు అడ్డంపెట్టి నొక్కు’’ అన్నాడు. నొక్కా. సగానికి రాగానే గాలి వేలిని తన్నేస్తోంది. ‘‘అదే కంప్రెషన్. పంపులో తోలు వాషర్ అరిగిపోతే ఇలా తన్నదు. గాలి పక్కనుంచి జారిపోద్ది. ఇంజన్లో తోలు బదులు పిస్టన్ చుట్టూ ఇనుప రింగులుంటాయి. అవి గాలినీ ఆయిల్‌నీ గట్టిగా నొక్కిపెడితేనే మంట దెబ్బ తగులుద్ది. లేకపోతే... ఉత్త పొగ.’’

మా ఇంట్లో ఓ పాత టూస్ట్రోక్ స్కూటరుండేది. కొత్తలో కిక్కు కొడితే కాలిని వెనక్కి తన్నేది. ముసలిదయ్యాక కిక్కు మెత్తగా, నీళ్లలో కాలు పెట్టినట్టు దిగిపోయేది. అప్పుడు మాకది సుఖంగా అనిపించింది గానీ పాపం, దాని రోగమే అదన్నమాట!

మోటారు ఆపాక మేస్త్రి రెండు ప్లగ్గులూ విప్పాడు. మాది రెండు సిలిండర్ల మోటారు, ఒకదానిమీద ఒకటి పడుకుని ఉంటాయి. కింది ప్లగ్గు టీ మరకలా గోధుమరంగులో ఉంది. పైది నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంది. ఏమీ అనకుండా రెంటినీ పక్కపక్కనే పెట్టాడు. నాన్న అటు చూడలేదు.

తర్వాత ఆపే స్విచ్చు క్లిప్పు లాగేసి, ప్లగ్గు వైర్లను ఇంజన్ లోహానికి ఆనించి కట్టాడు. ఎందుకంటే... తాడు లాగినప్పుడల్లా కరెంటు పుడుతుంది. దానికి దారి లేకపోతే కాయిల్ కాలిపోవచ్చు. పైగా తెరిచిన రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది. అక్కడ చిన్న నిప్పురవ్వ చాలు, మీసాలు పోవడానికి. ఈ మాట చెప్పినప్పుడు మేస్త్రి తన మీసం తడుముకున్నాడు. అనుభవమేమో!

అప్పుడు తీశాడు గేజి. టైర్లలో గాలి చూసేదానికి అన్నలా ఉంది. గొట్టం చివర మరలు. దాన్ని పై సిలిండరు ప్లగ్గు రంధ్రంలో చేత్తోనే బిగించాడు. గాలి లోపలికి పూర్తిగా వెళ్లేలా కార్బురేటర్ తలుపు తెరిచి ఉంచాలి. లేదంటే ఇంజన్ ఊపిరి బిగపట్టినట్టయి అంకె తక్కువ చూపిస్తుంది. ‘‘చెల్లెమ్మా, ఆ చిన్న మీట వేలితో నొక్కిపట్టుకో. రెండో చేత్తో అంకెలు రాయి’’ అన్నాడు. నేను నాన్న వైపు చూశా. ఆయన కాదనలేదు. అలా ముప్పయ్యేళ్లు దాటాక మా మోటారు మీద మొదటిసారి చెయ్యి వేశా. కాగితం దొరక్క మరదలి ఆసుపత్రి చీటీ వెనక రాయడం మొదలెట్టా.

‘‘తాడు నేను లాగుతా’’ అన్నాడు నాన్న.

‘‘వద్దు నాన్నా, చెయ్యి...’’

‘‘నేనే లాగుతా.’’

లాగాడు. ముల్లు ఒక్కో లాగుకి కొంచెంకొంచెం ఎక్కుతుంది. మొదటిసారే పెద్ద గెంతు, తర్వాత చిన్నవి, అయిదారుసార్లకి ఇంక కదలదు. అక్కడ చదవాలి. ముల్లు 52 దగ్గర ఆగిపోయింది. మోటార్‌సైకిల్ టైర్లలో ముప్పై దాకా కొట్టిస్తాం చూడండి, ఆ లెక్కలోనే ఇదీ. మామూలు పెట్రోలు మోటార్లకు వందా ఆపైన రావాలి. కిరోసిన్ మోటార్లకు అంత ఉండదు. కిరోసిన్‌ని మరీ గట్టిగా నొక్కితే వేళకాని వేళ అంటుకుని ఇంజన్ని కొడుతుంది కాబట్టి తయారీలోనే తక్కువ పెడతారు. అయినా 52 అంటే...

‘‘పొద్దున్నుంచి ఏం తినలేదు. గట్టిగా లాగలేదు’’ అన్నాడు నాన్న.

తమ్ముడు లాగాడు. 58.

‘‘ఆ మీటరు ఏ కాలందో!’’

మేస్త్రి వాదించలేదు. గేజి విప్పి కింది సిలిండరుకి బిగించాడు. ‘‘బాబాయ్, మళ్లీ నువ్వే లాగు’’ అన్నాడు. నాన్న ఎడంచెయ్యి డ్రమ్ము అంచు మీద ఆనించి ఆరుసార్లు లాగాడు. 91. తర్వాత తమ్ముడు. 95.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మేస్త్రే అన్నాడు, నెమ్మదిగా... ‘‘బాబాయ్, నీ చెయ్యి బలం లేదనుకుందాం. రెంటికీ అదే చెయ్యి కదా? మీటరు అబద్ధం చెబుతోందనుకుందాం. రెంటికీ అదే మీటరు. అంకె ఎంతన్నది నాకు పెద్ద లెక్క కాదు. రెంటి మధ్య తేడా వందకి పది దాటకూడదు. ఇక్కడ నలభై ఉంది.’’

చీటీ మీద నేను రాసిందే చూసుకున్నా. పైది 58, కిందది 95. తేడా 37. జర్నలిజం క్లాసులో ఒక్క అంకెతో వార్త రాయకు, దేనితో పోల్చాలో చూసుకో అని మా మాస్టారు చెప్పేవారు. ఆ పాఠం నాకు నిజంగా అర్థమైంది ఆ వాకిట్లోనే.

* * *

అంతటితో తీర్పు చెప్పెయ్యలేదు మేస్త్రి. గాలి జారిపోయే దారులు ఒకటి కాదు. రింగులు అరగొచ్చు, ఇరుక్కుపోవచ్చు, సిలిండరు గోడ గీసుకుపోవచ్చు. లేదా హెడ్డు కింద ఉండే గ్యాస్‌కెట్ కాలిపోవచ్చు. అదే అయితే ఖర్చు తక్కువ. నాన్న మొహంలో మొదటిసారి ఆశ కనిపించింది. ‘‘గ్యాస్‌కెట్టే అయ్యుంటుంది’’ అన్నాడు.

అది తేల్చడానికో చిట్కా. అమ్మ దగ్గుమందు సీసా మూత తెచ్చింది. దాంతో ఒక మూతెడు ఆయిల్ పై సిలిండరులో పోశాడు మేస్త్రి. సైకిలు పంపు దమ్ము తగ్గితే లోపలి తోలుకి నూనె రాస్తాం కదా, కాసేపు బాగా కొడుతుంది. ఇదీ అంతే. నూనె రింగుల చుట్టూ సందులు పూడుస్తుంది. అప్పుడు అంకె పెరిగితే తప్పు రింగులదో సిలిండరుదో. పెరగకపోతే గ్యాస్‌కెట్‌ది. మోటారుని కాస్త అటూఇటూ ఊపి, మళ్లీ గేజి బిగించి, తమ్ముణ్ని లాగమన్నాడు.

జీవితంలో మొదటిసారి ఓ అంకె పెరగకూడదని కోరుకున్నా.

84.

నాన్న లేచి లోపలికెళ్లిపోయాడు.

హెడ్డు విప్పడం ఆ రోజు కాలేదు. ఉప్పునీళ్లలో తిరిగే ఇంజన్లో బోల్టులు అల్యూమినియంలో అతుక్కుపోతాయి. తొందరపడితే తల తెగి చేతిలోకొస్తుంది, మరలు లోపల ఉండిపోతాయి. అందుకని రాత్రంతా వాటిని కిరోసిన్‌లో నాననిచ్చాడు. మర్నాడు పొద్దున ఒక్కోదాన్నీ కొంచెం బిగించి, కొంచెం వదులుచేసి, బతిమాలుతున్నట్టు విప్పాడు. ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కదానితో మధ్యాహ్నం దాకా కుస్తీ. ఆ కథ వదిలేద్దాం.

పిస్టన్ బయటికొచ్చాక చూపించాడు. ఒక రింగు మసిపట్టి దాని గాడిలోనే ఇరుక్కుపోయింది, గోరుతో నొక్కినా కదలడం లేదు. కిరోసిన్ మోటార్లలో మసి ఎక్కువే. కానీ అది కాదు అసలు సంగతి. పొగ బయటికెళ్లే వైపు సిలిండరు గోడ మీద నాలుగైదు నిలువు గీతలు. వేలు పెడితే తెలుస్తున్నాయి. పిస్టన్ మీదా అదేచోట అవే గీతలు, పిల్లి రక్కినట్టు.

‘‘ఇది అరుగుదల కాదు. ఎప్పుడో బాగా కాగింది. నీళ్లు ఆగిపోయినా మోటారు నడిపారు’’ అన్నాడు మేస్త్రి.

తమ్ముడు వెంటనే ‘‘లేదే! అలాంటిదేం జరగలేదు’’ అన్నాడు.

నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. ‘‘జరిగింది’’ అన్నాడు.

రెండేళ్ల కిందట, కార్తీకంలోనట. ఒడ్డు దీపాలు కనిపించనంత దూరం వెళ్లారు. ఉత్తరం నుంచి ఈదురుగాలి మొదలైంది. వల సగంలోనే లాగి తిరుగుముఖం పట్టారు. నలుగురిలో ముగ్గురు అలసిపోయి పడుకున్నారు. అందులో తమ్ముడొకడు. ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో ఓ ప్లాస్టిక్ కవరు, కింద నీళ్లు పీల్చేచోట అతుక్కుంది. ధార ఆగిపోయింది. చీకట్లో నాన్న చూసుకోలేదు. వాసనొచ్చి చూసేసరికి మోటారు గుర్రుమంటూ ఆగిపోయింది. కవరు లాగేసి, పావుగంట ఆగి మళ్లీ లాగితే అందుకుంది. కానీ ధార సరిగ్గా రాలేదు, తుంపర్లుగా పడింది. అప్పుడు ఆపాలి. ఆపితే గాలి తరుముకొస్తోంది. ఆపలేదు. మధ్యమధ్యలో వేగం తగ్గించుకుంటూ గంటన్నర అలాగే నడిపి ఒడ్డుకు తెచ్చాడు. లేచాక తమ్ముడు వాసనేంటని అడిగితే కిరోసిన్ మంచిది కాదన్నాడట.

‘‘మరి చెప్పొచ్చుగా?’’ అన్నాను.

‘‘చెబితే మీ అమ్మ వీణ్ని మళ్లీ పంపుద్దా?’’

అమ్మ వంటింట్లోంచి అంతా వింటోంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బయటికి మాత్రం రాలేదు.

తమ్ముడికి కోపం వచ్చింది. రావాల్సిందే. రెండేళ్లుగా ఆ మోటారునే నమ్ముకుని వెళ్తున్నాడు. తాడు అందుకోకపోతే లాగడం రాదని తిట్లు తిన్నాడు. ఇప్పుడు ‘‘నీదే’’ అని ఆయన చేతిలో పెట్టబోయింది ఈ మోటారునే. ఏదో అనబోయి, ఆ పిస్టన్ చేతిలోకి తీసుకుని గీతలు తడిమి చూశాడు. వాణ్ని నిద్రలో ఒడ్డుకి తెచ్చింది ఆ గీతలే. కాసేపటికి ‘‘ఇంకా ఏడాది నడిస్తే ఏమయ్యేది?’’ అని అడిగాడు, మేస్త్రిని.

‘‘ఏదో ఒకరోజు పై సిలిండరు పూర్తిగా పట్టేసేది. ఒక్క సిలిండరుతో కెరటాల్లోంచి ఒడ్డెక్కడం జరిగే పని కాదు’’ అన్నాడాయన.

ఒడ్డు దాకా వచ్చి, ఆఖరి కెరటం దగ్గర మోటారు ఆగితే ఏమవుతుందో మా ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఎవరూ అడగలేదు.

* * *

అన్నట్టు, ఈ మోటారు పుట్టుక గురించి ఓ ముచ్చట చదివాను. అమెరికాలో స్థిరపడిన నార్వే మనిషి ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటి మోటార్ల అమ్మకం మొదలెట్టాడు. కాబోయే భార్య ఐస్‌క్రీం అడిగితే పడవలో తెడ్డేసుకుంటూ వెళ్లి తెచ్చేసరికి కరిగిపోయిందనీ, ఆ కసితోనే కనిపెట్టాడనీ చెబుతారు. ఆయన పేరుతో వచ్చే మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఈ కథ నాన్నకి చెప్పా, మనసు మళ్లించడానికి. ‘‘ఐస్‌క్రీం కోసమా!’’ అని మాత్రం అన్నాడు.

కొత్త మోటారంటే లక్షల్లో మాట. మేస్త్రి మధ్యేమార్గం చెప్పాడు. సిలిండరు గోడని పావు మిల్లీమీటరు పెద్దది చేయించి, దానికి తగ్గ పెద్ద పిస్టన్, కొత్త రింగులు వెయ్యడం. గీతలు అంతకన్నా లోతుగా ఉంటే అర మిల్లీమీటరు. నీళ్ల పంపు రెక్కలు కూడా మార్చాలి, లోపల నీళ్లు తిరిగే దారుల్లో పేరుకున్న ఉప్పు గీకాలి. అది చెయ్యకుండా పిస్టన్ ఒక్కటీ మారిస్తే మళ్లీ ఇదే కథ. మరో ముక్క కూడా చెప్పాడు, ఇది ప్రతి బోటువాళ్లూ వినాల్సింది: ఒడ్డుకొచ్చాక రోజూ ఓ పది నిమిషాలు మంచినీళ్ల డ్రమ్ములో మోటారు నడిపితే ఉప్పు కడిగినట్టవుతుంది. మా ఊళ్లో మంచినీళ్లు మనుషులకే లెక్కపెట్టుకుని వాడతాం. అయినా సరే, పాత వాన నీళ్ల తొట్టి బాగుచేయిస్తానని అమ్మ చెప్పింది. రెండు రోజుల్లో ఆ మోటారు గురించి ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

డబ్బు దగ్గర కొంచెం తకరారు వచ్చింది. నేనిస్తానన్నా. నాన్న ఒప్పుకోలేదు. ‘‘దాని డబ్బుతో చదివావు, దానికే తిరిగిస్తావా?’’ అన్నాడు. ‘‘అందుకే ఇస్తున్నా’’ అన్నా. చివరికి సగం నేను, సగం తమ్ముడు. నాన్న ఓడిపోయినట్టు మొహం పెట్టాడు గానీ సాయంత్రం మేస్త్రితోపాటు కాకినాడ లేత్ షాపుకి బయల్దేరింది ఆయనే, సిలిండరు బ్లాకుని తువ్వాలులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుని.

జూన్ 14 రాత్రి ఊరంతా ఒడ్డునే ఉంది. కొబ్బరికాయలు, హారతులు, పిల్లల కేకలు. బోట్లు ఒక్కొక్కటే కెరటాలు దాటి వెళ్తుంటే మా బోటు ఇసుకలో ఖాళీగా నిలబడి ఉంది. తమ్ముడు పక్కింటి చిన్నాన్న బోటులో పనికి వెళ్లాడు. నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటికి నేను ఆఫీసులో ఉన్నా.

మోటారు నెలాఖరుకి సిద్ధమైంది. కొత్త రింగులు గోడకి ఒదగడానికి మొదటి పది గంటలు మెల్లగా, ఆయిల్ పాలు పెంచి నడపాలట. అదీ అయింది. జులైలో ఓ పొద్దున నేనింకా కాఫీ తాగుతుండగా నాన్న ఫోన్.

‘‘అమ్మాయ్, ఆ ఆసుపత్రి చీటీ ఉందా?’’

‘‘ఉంది నాన్నా.’’

‘‘రాసుకో. పైది 93. కిందది 91.’’

రాశా. కిందది 91... తమ్ముడు లాగినప్పుడు 95 కదా! అప్పుడు వెలిగింది.

‘‘తాడు నువ్వే లాగావా?’’

అవతల కాసేపు మాట లేదు. ‘‘మేస్త్రి చెప్పాడా?’’ అన్నాడు.